రాకెట్ బూరెలు

మొన్న ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర కళ్ళద్దాల దుకాణంలో కూర్చున్నాను. పాత ఫ్రేముకి కొత్త అద్దాలు బిగించమని ఇచ్చి, అవి చేతికొచ్చేదాకా లోకాన్ని మసకమసకగా చూస్తున్నాను. గోడమీద టీవీలో రాకెట్ ఎగరబోతోంది. దుకాణమాయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు. కళ్ళ పరీక్షకి వచ్చిన కాలేజీ పిల్లలు, చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఒకావిడ, బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు గుమ్మంలోంచి తలలు దూర్చి, అందరూ కలిసి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అది లేచింది. చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు.

నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏందమ్మా, గిందరు సప్పట్లు కొడ్తుంటె మీరు నేల సూస్తున్నరు?" అన్నాడు దుకాణమాయన.

"అద్దాలు నీ దగ్గరే ఉన్నాయి కదా బాబూ, నాకేం కనబడుతుంది?" అన్నాను.

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. రాకెట్ లేచిన ప్రతిసారీ నాకిదే తంతు. దేశమంతా ఛాతీ విరుచుకునే సమయానికి నాకు సిగ్గు ముంచుకొస్తుంది. ఈ జబ్బుకి మందులేదు గానీ, ఎక్కడ అంటుకుందో మాత్రం బాగా తెలుసు. ఆ దుకాణానికి ఎంతో దూరం కూడా కాదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటాలంటే దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. మా చిన్నప్పుడు అది ఊరు అయిపోయే చోటు. సిటీ బస్సు అక్కడిదాకా వచ్చి, ఇక ముందుకెళ్ళే పని తనది కాదన్నట్టు తిరిగిపోయేది. అక్కడ దిగి ఎల్బీనగర్ వైపు నడుస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా ద్రాక్షతోటలే. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు లాగి, వాటిమీద పందిళ్ళు పాకించేవారు. మైలుతుత్తం, సున్నం కలిపి మందు కొట్టిన రోజున ఆకులన్నీ నీలిరంగు తిరిగేవి. ఆ వాసన ముక్కులో పడితే రెండు రోజులు పోయేది కాదు. అయినా మేం పందిళ్ళ కింద దూరి, పులుపు దిగని పచ్చి ద్రాక్షలు కోసుకుని, ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్ళం. మర్నాడు ఇడ్లీ కొరకాలన్నా పళ్ళు జివ్వుమనేవి.

ఆ తోట పెద్దమ్మది. మాకు బంధువేం కాదు. ఆ ఊరి పాత కాపుల ఇల్లు వాళ్ళది. తోటలో ఒక మూల అమ్మితే అది కాలనీ అయింది, అందులో ఒక ముక్క నాన్న కొని ఇల్లు కట్టాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం మేం. మా గోడకి అవతల పెద్దమ్మ ఇల్లు. ముంజేతుల నిండా కడియాలు, మోకాళ్ళదాకా ఎగదోపిన చీర, చుట్టుపక్కల నాలుగు వీధులకి వినిపించే గొంతు. మేం ద్రాక్షలు దొంగిలిస్తే అరిచేది కాదు. "పండినంక ఒస్తె నేనే ఇస్త గదనే, గీ పచ్చివి తిని కడుపు నొప్పి తెచ్చుకునుడెందుకు?" అనేది. దొరికిపోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ చిన్నతనంగా ఉండేది.

మా నాయనమ్మకి మాత్రం ఆవిడంటే చులకన. "మొరటు మనిషి, మాట తీరే అంత," అని మూతి తిప్పేది. అలా అంటూనే గోడమీంచి వచ్చే జొన్నరొట్టెలూ వేరుశనక్కాయలూ పుచ్చుకునేది.

ఇక మా బాబాయి. నాన్నకి తమ్ముడు, నాకు ప్రాణం. ఇంజనీరింగ్ చదివి, మద్రాసు దారిలో, సముద్రం ఒడ్డున ఎక్కడో ఒక దీవిలో రాకెట్లు కట్టేచోట ఉద్యోగంలో చేరాడు. సెలవుకి వచ్చినప్పుడు చపాతీల కర్రని నిలబెట్టి, దానికి కాగితపు రెక్కలు అంటించి నాకు పాఠం చెప్పేవాడు. కింద ఒక అంచె, దానిమీద ఒక అంచె. ఒకటి కాలిపోయి రాలిపోతే ఇంకొకటి అందుకుంటుంది. ఎందుకు రాలిపోవాలని అడిగితే, "పనైపోయినదాన్ని మోసుకుంటూ పైకెళ్ళలేం తల్లీ," అనేవాడు. అమ్మ వచ్చి కర్ర లాక్కుని, "మీ పాఠం అయితే నా చపాతీలు చేసుకుంటాను," అనేది.

ఆ ఏడాది ఎండాకాలంలో వచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మతో మెల్లిగా అన్నాడు. "వదినా, అంతా కుదిరితే శ్రావణమాసంలో, ఒక శుక్రవారం పొద్దున్న ఎగరేస్తాం. మన దేశంలో మనం సొంతంగా కట్టిన పెద్ద రాకెట్ అది. కానీ ఎవరికీ చెప్పకండి. ఏమవుతుందో మాకే తెలీదు."

అమ్మ చెప్పనంది. చెప్పలేదు కూడా, అత్తగారికి తప్ప. అత్తగారికి చెప్పాక ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

నాయనమ్మ పంచాంగం తిరగేసింది. శ్రావణ శుక్రవారం, అమ్మవారి వారం, పొద్దుటి పూట, వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు. "వాళ్ళ ఆఫీసులో మంచి సిద్ధాంతి ఉన్నాడురా," అంది నాన్నతో. నాన్న నవ్వాడు గానీ కాదనలేదు. ఆయనా తక్కువ తినలేదు. తన ఆఫీసులో బల్లబల్లకీ వెళ్ళి, మా తమ్ముడు, రాకెట్, శుక్రవారం అని చెప్పుకొచ్చాడు. బస్సులో కండక్టరుకి కూడా తెలిసిపోయింది.

మా వైపు పెళ్ళిలో ముహూర్తం దాటిందంటే ఇక తీపి పంచేయడమే. గృహప్రవేశంలో పాలు పొంగాయంటే పంచేయడమే. ఆ క్షణం తర్వాత ఇక చెడేదేం ఉండదని నమ్మకం. రాకెట్ కూడా అంతేననుకున్నాం. ముహూర్తం ఫలానా, ఆ టైముకి అది ఎగురుతుంది, మనం బూరెలు పంచుతాం. మధ్యలో అనుమానపడటానికి ఏముందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ శుక్రవారం తెల్లవారకముందే ఇంట్లో యాలకుల వాసన. ఉడికిన శనగపప్పులో బెల్లం కలిపి నాయనమ్మ పూర్ణం ఉండలు చుడుతుంటే, అమ్మ వాటిని తోపుపిండిలో ముంచి నూనెలో వదిలింది. రుచి చూడనివ్వలేదు. "ముందు అమ్మవారికి, తర్వాత రాకెట్‌కి, ఆ తర్వాత నీకు," అంది నాయనమ్మ. నేను ఆవిడ అటు తిరిగినప్పుడు పూర్ణం వేలితో గీకి నాకేశాను. పొద్దున్నే తలంటి, పట్టులంగా కట్టించి, జడగంటలు వేశారు. బాబాయి చెప్పిన టైముకి నాయనమ్మ హారతి వెలిగించి గంట కొట్టింది. అమ్మ కళ్ళు మూసుకుంది. నాన్న గడియారం చూసి, "అయిపోయింది. ఎగిరిపోయింది," అన్నాడు.

క్రోషియా గుడ్డలు కప్పిన పళ్ళాలతో నన్ను వీధిలోకి తోలారు. శనగలు, తాంబూలం, బూరెలు. ఇంటింటికీ వెళ్ళి, "మా బాబాయి రాకెట్ ఎగిరిందండీ, అమ్మ ఇమ్మంది," అని చెప్పాను. వాళ్ళు బుగ్గ గిల్లారు, బొట్టు పెట్టారు, "మీ ఇంటికే వెలుగు తెచ్చాడమ్మా" అన్నారు. కాలనీలో అంత గొప్పగా నడవడం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆఖర్న పెద్దమ్మ ఇల్లు. ఆవిడ గేదెకి కుడితి పోస్తోంది. చెయ్యి చీరకి తుడుచుకుని బూరె అందుకుంది.

"ఎగిరిందా బిడ్డా?"

"ఎగిరే ఉంటుంది పెద్దమ్మా. టైమయిపోయిందిగా."

ఆవిడ బూరె నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. "టైమయితె అయినట్టేనా? కాన్పు టైముకే అయితదా? కబురొచ్చిందా?"

"సాయంత్రం రేడియోలో చెప్తారు."

"అట్లయితె గిది పొద్దుమీకి తింట," అని బూరెని గూట్లో పెట్టేసింది. పొద్దుమీకి అంటే సాయంత్రమని నాకు తెలుసు. నాకు ఒళ్ళు మండింది. మొరటు మనిషని నాయనమ్మ ఊరికే అనలేదనుకున్నాను.

మధ్యాహ్నం రేడియో వార్తల్లోనే తెలిసిపోయింది. లేచింది. కొంతదూరం పోయింది. అదుపు తప్పి సముద్రంలో పడింది. అంతే చెప్పారు, తర్వాత వర్షాల గురించి చెప్పారు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాయనమ్మ, "సరిగ్గా విన్నావా? మన రాకెట్టేనా? ఇంకెవరిదైనా అయ్యుంటుంది," అంది. ఉన్నదే ఒక్కటి.

సాయంత్రం మా పళ్ళాలు తిరిగి రావడం మొదలుపెట్టాయి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ప్రతివాళ్ళూ అందులో కాస్త పంచదారో, నాలుగు ఖర్జూరాలో వేసి తెచ్చారు. ఒక్కొక్కరే వచ్చి, ఏం మాట్లాడాలో తెలీక, "బూరెలు చాలా బాగున్నాయండీ" అని వెళ్ళారు. ఒకావిడ పళ్ళెంలో బూరెలు అలాగే ఉన్నాయి. "మా ఇంట్లో తీపి పెద్దగా తినరు," అంది. పొద్దున్న నేనివ్వగానే రెండు నోట్లో వేసుకున్నది ఆవిడే. అమ్మ ఆ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

మర్నాడు నాన్న ఆఫీసు నుంచి మాడిన మొహంతో వచ్చాడు. ఎవరో నలుగురిలో, "ఏం సార్, మీ తమ్ముని రాకెట్ సముద్రంల తానం చేసిందట గదా! శ్రావణ మాసమని దానికి గూడ తెలిసినట్టున్నది," అన్నాడట. బడిలో నా పేరు మారిపోయింది. నేను కనబడితే చాలు పిల్లలు నోటితో జుయ్యిమని చప్పుడు చేసి, డబుక్కుమని కింద కూలబడేవాళ్ళు. ఆ తర్వాత "రాకెట్ బూరె" అని అరిచేవాళ్ళు. నేను బూరెల్ని తిట్టుకున్నాను, రాకెట్‌ని తిట్టుకున్నాను, బాబాయిని కూడా తిట్టుకున్నాను. పదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం చేతనవుతుంది?

బాబాయి ఆ తర్వాత వారంలో వచ్చాడు. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. అతనికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చే తీరిక కూడా మాకు లేకపోయింది, ముందు తలుపు వేసే తొందరలో. నాన్న అందరినీ పిలిచి, "వాడొచ్చాడని ఎవరికీ తెలియనక్కర్లేదు. ఎవరైనా అడిగితే రాలేదని చెప్పండి," అన్నాడు.

బాబాయి పెరటి వసారాలో కూర్చునేవాడు. పెట్టింది కెలికి లేచేవాడు. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీసింది. "నేను వద్దంటూనే ఉన్నాను, అంతమందికి చెప్పొద్దని," అని కూడా అంది. అమ్మ తలెత్తి ఆవిడ వంక చూసి, మళ్ళీ దించేసింది. నాన్న రోజూ అదే మాట. "ఆ ఉద్యోగం మానెయ్యరా. ఇక్కడ నాకు తెలిసిన ఫ్యాక్టరీ ఉంది. సుబ్బరంగా నెలజీతం, ఇంటి పట్టున ఉంటావు. నలుగురిలో నవ్వులపాలయ్యే పని మనకెందుకు?" బాబాయి కాదనేవాడు కాదు. "చూద్దాం అన్నయ్యా," అనేవాడు. ఆ 'చూద్దాం' వింటే అమ్మకి భయమేసేది. పట్టుదల పోయినవాడి మాటలా ఉందని నాతో అంది. నిజంగానే మానేస్తాడేమోనని ఇంట్లో దిగులు పడ్డది ఆవిడొక్కతే.

అన్ని రోజుల్లో మేమెవ్వరం అసలు ఆ రోజు అక్కడ ఏం జరిగిందని అతన్ని అడగలేదు. మాకు అవసరమైన సంగతులన్నీ రేడియోవాళ్ళే చెప్పేశారు.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నాన్న తీశాడు. పెద్దమ్మ, ఆవిడ వెనక పాత ఊళ్ళోని ఇద్దరు ముసలమ్మలు. పెద్దమ్మ నెత్తిన గంప, గంపలో గుడ్డ కప్పిన జొన్నరొట్టెలు, పక్కన పచ్చిపులుసు గిన్నె.

"పిలగాడు ఒచ్చిండట గద సారూ. బాయికాడ నీళ్ళు తోడుతుంటె కండ్లవడ్డడు."

"లేదు పెద్దమ్మా, వాడు రాలేదు. మీరెవర్ని చూశారో," అన్నాడు నాన్న.

బాబాయి మధ్యగదిలో ఉన్నాడు. తలుపు చప్పుడు విని, చేతిలో తువ్వాలుతో అప్పుడే నడవలోకి వచ్చాడు. నాన్న మాట పూర్తిగా విన్నాడు. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళముందుంది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. ఔను, నేను లేను అన్నట్టు అలాగే నిలబడ్డాడు.

పెద్దమ్మ నాన్నని ఏమీ అనలేదు. గంప దించి, నాన్న పక్కనుంచి లోపలికి వచ్చి, బాబాయి చెయ్యి పట్టుకుని గోడవారన కూర్చోబెట్టింది. తనూ కింద కూర్చుంది. ఆ ఇద్దరు ముసలమ్మలూ కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మంచినీళ్ళు తెస్తే వద్దని చేత్తో సైగ చేశారు. నాయనమ్మకి అప్పుడర్థమైంది, మాకూ అర్థమైంది. చావు జరిగిన ఇంటికి వచ్చినట్టు వచ్చారు. పొయ్యి వెలగని ఇంటికి తెచ్చినట్టు తిండి తెచ్చారు.

"ఇదేంటండీ, మా ఇంట్లో ఎవరైనా పోయారా?" అన్నాడు నాన్న, గొంతు పైకి లేవకుండా జాగ్రత్తపడుతూ.

"పోలేదా మరి?" అంది పెద్దమ్మ. "అన్నేండ్లు సాకిండు గద సారూ దాన్ని. మీకు యాది లేదా, ఎప్పుడొచ్చినా దాని ముచ్చటే. కండ్ల ముంగట పోయింది. సాకినోడు ఏడ్వకుంట ఎట్లుంటడు?" అని, బాబాయి వైపు తిరిగింది. "ఎంత దూరం పోయింది బిడ్డా?"

బాబాయి చేతిలోని తువ్వాలు మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. ఆవిడ తొందరపెట్టలేదు. వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. కాసేపటికి అతను చెయ్యి నేలమీంచి నిటారుగా పైకి లేపాడు.

"మొదటి అంచె బాగా కాలింది పెద్దమ్మా. చాలా బాగా. ఒక్క వంక కూడా లేదు. అందరం లేచి నిలబడ్డాం."

"ఊఁ"

"రెండోది అంటుకుంది. అప్పుడు ఊగడం మొదలుపెట్టింది. కొద్దిగా... ఇలా..." అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు. "ఒక వాల్వు సరిగ్గా మూసుకోలేదు. ఎంత, ఇంత ఉంటుంది. దాన్నుంచి లోపలి ద్రవం కారిపోయింది. రాకెట్‌ని నిలబెట్టి ఉంచాల్సింది అదే. మేం చూస్తూనే ఉన్నాం. ఏం చెయ్యడానికీ లేదు. అలా చూస్తూనే ఉన్నాం."

"మొదటిది మంచిగ కాలిందంటివి గద."

"కాలింది."

"అయితె నడక ఒచ్చింది బిడ్డా. పడ్డది గంతే."

బాబాయి ఆవిడ భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ ముసలమ్మలు కూడా కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. రాకెట్ ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసో లేదో. తర్వాత పెద్దమ్మ రొట్టె తుంచి పచ్చిపులుసులో ముంచి అతని చేతికిచ్చింది. తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని, తను పెట్టింది వారం రోజులుగా ముట్టని మనిషి తింటుంటే చూసింది.

లేచి వెళ్ళేటప్పుడు ఆ ముగ్గురూ 'పోయొస్తం' అనలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు అలా అనకూడదు కదా, మాట లేకుండానే వెళ్ళిపోయారు.

అంతవరకూ ఊపిరి బిగబట్టుకున్న నాయనమ్మ అప్పుడు బయటపడింది. "శ్రావణమాసం, నిక్షేపంలాంటి ఇంట్లోకి చావుపలకరింపుకి వస్తారా! ముందు గడప కడగండి. వాళ్ళు కూర్చున్నచోట పసుపునీళ్ళు చల్లండి," అని చెంబు నా చేతికిచ్చింది. నాన్న, "ఉన్న కాస్త పరువూ తీసి వెళ్ళారు," అన్నాడు. నేను పసుపునీళ్ళు చల్లాను. గోడవారన, ఆ ముగ్గురూ కూర్చున్నచోట. బాబాయి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. నీళ్ళు తన పాదాలదాకా వస్తే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఫ్యాక్టరీ సంగతి నాన్న ఎత్తబోతే, "సెలవైపోయింది అన్నయ్యా, అక్కడ చాలా పనుంది," అన్నాడు. ఉద్యోగం మానట్లేదని అమ్మ మొహం విచ్చుకుంది. మేం నలుగురం గుమ్మంలో నిలబడి చూస్తుంటే, అతను బస్సువైపు కాకుండా ముందు పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళాడు.

ద్రాక్షల కాలంలో, నాయనమ్మకి ఒంట్లో బాగోలేదంటే చూడటానికి వచ్చాడు. ఆవిడకి మందులు తెచ్చాడు, నాకు రంగు పెన్సిళ్ళు తెచ్చాడు. చపాతీల కర్ర మాత్రం ముట్టుకోలేదు. "మళ్ళీ ఎప్పుడు ఎగరేస్తారురా?" అని నాయనమ్మ అడిగితే, "తెలీదమ్మా, పైవాళ్ళు చెప్పాలి," అన్నాడు. సాయంత్రాలు పెద్దమ్మ పందిరి కింద కూర్చునేవాడు. పండిన గుత్తుల తియ్యటి వాసన, వాటిచుట్టూ తేనెటీగల రొద. గోడ ఇవతలినుంచి అతని నవ్వు వినబడేది. మా ఇంట్లో ఆ నవ్వు ఆగిపోయి అప్పటికి చాలా రోజులైంది.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. బోనాల సందడి మొదలైంది, ఎక్కడో డప్పులు వాయిస్తున్నారు. ఒక శుక్రవారం పొద్దున్న అమ్మ కరివేపాకు కోసం గోడ దగ్గరికి వెళ్ళింది, వెనకాల నేనూ ఉన్నాను. పెద్దమ్మ అరుగు మీద తలస్నానం చేసిన జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. గేదె అరుస్తున్నా లేవడం లేదు.

"టిఫిన్ చేశారా పెద్దమ్మా?" అంది అమ్మ, మాటవరసకి.

"లేదు బిడ్డా, ఒక్కపొద్దున్న."

"బోనం ఆదివారం కదా? ఇవాళ ఉపవాసమేంటి?"

"బోనానికి కాదు. ఇయ్యాల మా పిలగాని రాకెట్ ఉన్నది గద. అది ఎగిరినట్టు తెలిసేదాక పచ్చి మంచినీళ్ళు గూడ ముట్టనని మొక్కుకున్న. మా పెద్దోడు మద్రాసుకు లారీ ఏసుకపోయినప్పుడు పిలగాన్ని కలిసిండట. శుక్కురారం పొద్దుగాల అని, పెద్దమ్మకొక్కదానికే చెప్పుమని..."

అంతవరకు వచ్చి ఆగింది. అమ్మ మొహం చూసింది. పెద్దమ్మ మొహంలో రంగు మారడం నేను గమనించాను. అయ్యో అనుకుని, ఏదో ఒకటి వెతుక్కుంది.

"మీకు గూడ చెప్పుమనే ఉంటడు. మావోడు మతిమరుపోడు బిడ్డా, వాడే మర్సిండు. నువ్వేమనుకోకు."

"అదే అయ్యుంటుంది పెద్దమ్మా," అంది అమ్మ.

ఆవిడ మాకోసం అబద్ధమాడుతోందని నాకే తెలిసింది, అమ్మకి తెలియకపోవడం ఏమిటి. మా ఇంటి మనిషి మమ్మల్ని పక్కన పెడితే, పక్కింటి మనిషి మా పరువు కాపాడుతోంది. నేల చీలిపోతే బాగుండుననిపించింది. అమ్మ కోసిన కరివేపాకు చేతిలోనే నలిగిపోయింది.

ఇంట్లోకి వచ్చి అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నన్ను కూడా చెప్పొద్దని కళ్ళతోనే హెచ్చరించింది. నాయనమ్మకి మడివంట చేసింది, ఏదో పనిమీద సెలవు పెట్టిన నాన్నకి ఇంట్లోనే వడ్డించింది, నాకు పెరుగన్నం కలిపింది. తను మాత్రం కంచం పెట్టుకోలేదు. ఎందుకని నేనడగలేదు. నాకు రెండో ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం వార్తల్లో చెప్పారు. ఎగిరింది. నిలిచింది. తను చేరాల్సిన చోటికి చేరి తిరుగుతోంది.

నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "పప్పు నానబెట్టవే!" అని కేక పెట్టింది. నాన్న ఒక్క గంతున లేచాడు. "మనవాడే! మనవాడే!" అంటూ చొక్కా తొడుక్కుని, గుండీలు కూడా పెట్టుకోకుండా వీధిలోకి బయల్దేరాడు.

"కూర్చోండి," అంది అమ్మ.

ఆవిడ గొంతు అలా ఉండటం మేమెప్పుడూ వినలేదు. నాన్న గుమ్మంలో ఆగిపోయాడు.

"మనకెవరు చెప్పారని వెళ్ళి చెప్తారు?"

పొద్దున్న సంగతి అప్పుడు చెప్పింది. నాలుగు ముక్కల్లో చెప్పింది. నాన్న విన్నాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, కుర్చీలో కూర్చుని, రేడియో కట్టేశాడు. నాయనమ్మ ఆ రోజంతా మంచం దిగలేదు. గోడ అవతల పెద్దమ్మ ఎవరినో పిలిచి, "ఓ, బువ్వ పెట్టుర్రి, ఆకలైతుంది!" అని గట్టిగా అరవడం వినబడింది.

సాయంత్రం కాలనీవాళ్ళు వచ్చారు. "సారూ, మీ తమ్ముడు గెలిచిండు! నోరు తీపి చెయ్యరా ఏంది?" అని నాన్న చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఏడాది కిందట ఎగతాళి చేసినవాళ్ళే, ఇప్పుడు మనస్ఫూర్తిగా సంతోషపడ్డారు. ఆయన వాళ్ళతో నవ్వుతూ, ఔను, ఔను అంటూ నిలబడ్డాడు. ఆ నవ్వు చూడలేక నేను లోపలికి వచ్చేశాను.

బాబాయి మమ్మల్ని వదిలేశాడని అనుకోకండి. వదిలేస్తే, ఒకసారి కేకలేస్తే మాకూ కాస్త తేలికయ్యేది. ప్రతి పండక్కీ డబ్బు పంపాడు, నాయనమ్మ పోతే దగ్గరుండి అన్నీ జరిపించాడు, నాన్న ఆపరేషన్‌కి ఆస్పత్రిలో రాత్రింబగళ్ళు కూర్చున్నాడు. ఏ మాటా మనసులో పెట్టుకున్నట్టు కనబడలేదు. తారీఖు మాత్రం చెప్పేవాడు కాదు. ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో రాకెట్లు వెళ్ళాయి, వాటిలో కొన్ని పడ్డాయి, చాలా నిలిచాయి. చివరికి చందమామ దాకా వెళ్ళాయి. ప్రతిదాని గురించీ ఊరందరితో పాటే మాకూ తెలిసింది. పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడకి ముందే తెలిసేది. ఆవిడ పోయాక తోట అమ్మేశారు, ఇప్పుడు అక్కడ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు.

నా పెళ్ళయిన కొత్తలో, ధైర్యం చేసి ఒక్కసారి అడిగాను. బాబాయి మా ఇంట్లో భోజనానికి వచ్చాడు. మావారికి రాకెట్ల కబుర్లంటే ఇష్టం, నాకేమో ఆయన ముందు గొప్పపోవాలని.

"బాబాయ్, తర్వాతది ఎప్పుడు? మాకు ముందే చెప్పు, ఈసారి ఎవరికీ చెప్పను, ఒట్టు."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. నా వైపు చూసి నవ్వాడు. చిన్నప్పుడు పాఠం చెప్పేటప్పుడు ఎలా చూసేవాడో అలాగే, ఎంతో ప్రేమగా.

"పేపర్లో వేస్తారు కదా తల్లీ," అన్నాడు.